బడి కట్టింది రోసెన్‌వాల్డా, పత్తి ఏరినోళ్లా?

ఫ్యాను రెక్క మీద సుత దాత పేరు రాయించుకునే కాలంల ఉన్నం మనం. గుడికాడ బల్ల వేయిస్తే పేరు, బడిల నల్లా పెట్టిస్తే పేరు, గేటు కట్టిస్తే అయ్య పేరు తాత పేరు అన్నీ ఎక్కాలె. నేను తప్పు పడ్తలేను. ఇచ్చినోడు పేరు కోరుకుంటడు, అది మామూలే. కానీ పైసలున్న కుటుంబాలు ట్రస్టులు పెట్టి సమాజానికి ఇచ్చుడు ఎట్లుండాలె, ఎవరు షరతులు పెట్టాలె, ఆ పైసలు ఎన్నేండ్లు ఉండాలె అనే లొల్లి లేసినప్పుడల్లా నాకు ఒకాయన యాదికొస్తడు. జూలియస్ రోసెన్‌వాల్డ్. అమెరికా షావుకారి. 1932ల కాలం చేసిండు. ఆయన పైస కలిసిన బడులు 5 వేల దాక ఉన్నయి. తన పేరు పెట్టుండ్రని అడిగే రకం కాదు. జనమే పెట్టుకున్నరు.

ఆయనను దేవుడిని చేసి చెప్పుడు నాకిష్టం లేదు. ఎందుకో ముంగట చెప్త.

రోసెన్‌వాల్డ్ 1862 ఆగస్టు 12న ఇలినాయి రాష్ట్రంల స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊర్ల పుట్టిండు. అమ్మానాయిన జర్మనీ నుంచి బతకొచ్చిన యూదులు. నాయిన శామ్యూల్ మొదట్ల మూట నెత్తికెత్తుకొని ఊరూరు తిరిగి సామాన్లు అమ్మినోడు, తర్వాత బట్టల దుకాణం పెట్టిండు. వాళ్ల ఇల్లు అబ్రహం లింకన్ ఇంటికి దగ్గర్లనే ఉండె. పోరడు పుట్టేనాటికి లింకన్ వాషింగ్టన్‌ల ప్రెసిడెంటు, దేశంల బానిసత్వం మీద యుద్ధం నడుస్తాంది. గదే ఊర్ల, లింకన్ ఊరని గొప్పగ చెప్పుకునే స్ప్రింగ్‌ఫీల్డ్‌ల, 1908 ఆగస్టుల తెల్లోళ్ల గుంపులు నల్లోళ్ల ఇండ్లు తగలబెట్టి ఇద్దరు నల్లజాతి మనుషులను చెట్లకు ఉరేసిన్రు. ఆ ఘోరం చూసే మరుసటేడు నల్లోళ్ల హక్కుల కోసం కొట్లాడే ఎన్‌ఏఏసీపీ సంఘం పుట్టింది. తర్వాత రోజుల్ల ఆ సంఘానికి చందాలిచ్చినోళ్లల్ల రోసెన్‌వాల్డ్ సుత ఉన్నడు.

పెద్ద చదువు ఏం లేదు ఆయనకు. హైస్కూలు రెండేండ్లు చదివి బంద్ పెట్టిండు. న్యూయార్క్‌ల మేనమామలది బట్టల యాపారం, అక్కడ పని నేర్చుకునేటందుకు పోయిండు. తర్వాత షికాగో వచ్చి మగోళ్ల సూట్లు కుట్టించే కారఖానా పెట్టుకున్నడు. 1895ల ఆయన బామ్మర్ది ఆరన్ నుస్‌బామ్, ఆయన కలిసి సియర్స్ రోబక్ అనే కంపెనీల సగం వాటా 75 వేల డాలర్లకు కొన్నరు. జిందగీ మారిపోయింది ఆడనే.

సియర్స్ అంటే ఏందో మీకు తెల్సేటట్టు చెప్తే, అప్పటి అమెజాన్. ఒక లావు పుస్తకం, దాన్ని క్యాటలాగ్ అనేటోళ్లు. సూదీ దారం నుంచి నాగలి దాక, ఆఖరికి ఇల్లు కట్టుకునే కట్టె సామాను దాక అన్నీ బొమ్మలేసి ధరలు రాసి పల్లెలకు పంపేటోళ్లు. రైతు చీటీ రాసి పైసలు పంపితే సామాను రైలు మీద వచ్చేది. రిచర్డ్ సియర్స్‌కు మాటల గారడీ ఎక్కువ, లేని సరుకు సుత ఉన్నట్టు రాసేటోడు. రోసెన్‌వాల్డ్ వచ్చినంక లెక్క పక్కాగ పెట్టిండు. సరుకు నచ్చకుంటే పైసలు వాపస్ అనే మాట నిలబెట్టిండు. 1911ల సామాన్లు పరీక్ష చేసే ల్యాబ్ పెట్టిన్రు. 1906ల షికాగో పడమటి దిక్కు 40 ఎకరాలల్ల కంపెనీ లేసింది, అదే ఏడు షేర్లు మార్కెట్లకొచ్చినయి. 1908ల సియర్స్ తప్పుకుంటే రోసెన్‌వాల్డ్ కంపెనీకి పెద్ద అయిండు.

గీడ ఒక ముచ్చట మన పల్లె పిల్లలకు జెప్పన అర్థమైతది. దక్షిణాది రాష్ట్రాలల్ల నల్లజాతి రైతులు ఎక్కువమంది కౌలుకు పత్తి పండించెటోళ్లు. ఊరి దుకాణం తెల్ల షావుకారిది. ఆడ ఉద్దెర తెచ్చుకోవాలె, మిత్తి వాడు చెప్పినంత, పంట రాంగనే కోతలు. తెల్లోళ్లందరికీ ఇచ్చినంక మిగిలింది మీకిస్తం అని నిలబెట్టేటోళ్లు. క్యాటలాగ్‌కు మాత్రం రంగు తెల్వదు. చీటీ ఎవరు రాసినా గదే ధర. కాబట్టి రోసెన్‌వాల్డ్ సంపాదించిన కోట్లల్ల ఆ నల్లోళ్ల పత్తి పైసలు సుత ఉన్నయి. ఆయన తర్వాత ఇచ్చింది దానమా, వాపసా అంటే నేను గట్టిగ చెప్పలేను, కానీ ఆ ప్రశ్న అడగాలె.

ఇంకో ప్రశ్న ఉంది. 1913ల ఇలినాయి రాష్ట్ర సెనెట్ కమిటీ ఒకటి షికాగోల పెద్ద కంపెనీల పెద్దమనుషులను పిలిచి అడిగింది. మీ దగ్గర పనిచేసే ఆడపిల్లలకు వారానికి ఇచ్చే కూలి బతుకుటానికి సరిపోతుందా, తక్కువ కూలి వల్లనే కొందరు పిల్లలు ఒళ్లమ్ముకునే గతికి వస్తున్నరా అని. రోసెన్‌వాల్డ్ పోయి కూలికీ దానికీ సంబంధం లేదని సాక్ష్యం చెప్పిండు. అదే మనిషి ఆ ముందేడాదే 7 లక్షల డాలర్ల దాక దానం ప్రకటించినోడు. లాభాలు మస్తుగ వస్తున్న కంపెనీ. నాకు ఇది కొరుకుడు పడలేదు ఎన్నడూ. బయట దానకర్ణుడు, లోపట కూలి దగ్గర గీచి గీచి లెక్క. 1916ల పనోళ్లకు లాభంల వాటా ఇచ్చే పథకం పెట్టిండు, 1921ల కంపెనీ మునుగుతుంటే సొంతంగ 2 కోట్ల డాలర్ల దాక పెట్టి కాపాడిండు, 1929ల షేర్ మార్కెట్ కూలితే తన ఉద్యోగుల అప్పులకు తానే జమానతు నిలబడ్డడు. గవన్నీ నిజమే. ఆ సాక్ష్యం సుత నిజమే.

మరి గిసుంటి యాపారికి నల్లోళ్ల బడుల మీద మనసు ఎట్ల మళ్లింది? రెండు మూడు కారణాలు కనవడ్తయి. షికాగో సినాయ్ అనే యూదుల ప్రార్థన మందిరంల ఎమిల్ హిర్ష్ అనే గురువు ఉండె. ఉన్నోడు లేనోడికి ఇచ్చుడు దయ కాదు, న్యాయం అని బోధించేటోడు. యూరప్‌ల యూదుల మీద పడ్డ దెబ్బలు రోసెన్‌వాల్డ్‌కు ఎర్కే. నల్లోళ్ల మీద పడే దెబ్బ గసుంటిదే అని ఆయనకు అర్థమైంది. 1910ల పాల్ శాక్స్ అనే దోస్తు, బుకర్ టి. వాషింగ్టన్ రాసుకున్న జీవితకథ పుస్తకం చేతిల పెట్టిండు. బానిసగ పుట్టి, అలబామాల టస్కెగీ అనే విద్యాసంస్థను నిలబెట్టిన మనిషి వాషింగ్టన్. 1911 మేల ఇద్దరు షికాగోల కలిసిన్రు. మరుసటేడు రోసెన్‌వాల్డ్ టస్కెగీ ట్రస్టీ అయిండు, చచ్చిపోయేదాక ఉన్నడు.

అప్పటికే ఆయన ఒక పద్ధతి పట్టుకున్నడు. ఏ పట్నంలనైనా నల్లోళ్ల కోసం వైఎంసీఏ భవనం కడ్తమంటే, ఊరోళ్లు 75 వేల డాలర్లు జమచేస్తే తాను 25 వేలు ఇస్తనన్నడు. మొత్తం ఎన్నడూ ఇయ్యడు. సగం సగం, పావు, గంతే. 1912ల 50 ఏండ్లు నిండినప్పుడు టస్కెగీకి 25 వేలు ఇచ్చిండు. దాంట్ల 2,800 డాలర్లు మిగిలినయి. వాషింగ్టన్ ఆ మిగిలిన పైసలతోని చుట్టుపక్కల పల్లెలల్ల ఆరు చిన్న బడులు కట్టి చూస్తనని అడిగిండు. రోసెన్‌వాల్డ్ సరే అన్నడు.

మొదటి బడి 1913ల అలబామాల లోచపోక అనే ఊర్ల లేసింది. ఖర్చు 942 డాలర్ల 50 సెంట్లు. దాంట్ల రోసెన్‌వాల్డ్‌ది 300. ఆ చుట్టుపక్కల తెల్లోళ్లు 360 ఇచ్చిన్రు. నల్లోళ్లు నగదు 150 జమచేసి, 132 డాలర్ల 50 సెంట్ల విలువ చేసే పని ఒళ్లొంచి చేసిన్రు. మా నాయిన తరంల మా ఊరి బడికి మొరం మోసినోళ్ల పేర్లు యాడా రాసి లేవు. లోచపోక లెక్కల మాత్రం చెమటకు సుత ధర కట్టి రాసిన్రు. నాకు నచ్చింది గదే.

అప్పటిదాక ఆ పల్లెలల్ల నల్ల పిల్లలకు బడి అంటే చర్చి మూల, లేకుంటే కూలిపోయే గుడిసె. సర్కారు పైసలు తెల్లోళ్ల బడులకే పోయేటియి. పత్తి ఏరే కాలం వస్తే బడి బంద్. కొన్ని దిక్కుల ఏడాదిల మూణ్నాలుగు నెలలే సదువు. రోసెన్‌వాల్డ్ పథకం గట్టి షరతులు పెట్టింది. ఊరోళ్లు తమ వంతు జమచేయాలె. జాగా, భవనం జిల్లా బడుల బోర్డు పేరు మీద రాయాలె, అంటే అది సర్కారు బడి కావాలె. టీచర్ జీతం సర్కారే ఇయ్యాలె. బడి ఏడాదికి కనీసం ఐదు నెలలు నడవాలె. ఈ షరతుల మతలబు తెలివైంది. నల్లోళ్ల బడిని పట్టించుకోని తెల్ల అధికారుల చేతుల తయారైన భవనం పెట్టి, ఇగ నడుపుండ్రి అన్నట్టు.

భవనం నక్షలు టస్కెగీల రాబర్ట్ టేలర్ గీసిండు. ఎంఐటీల చదివిన మొట్టమొదటి నల్లజాతి పట్టభద్రుడు ఆయన. కరెంటు లేని పల్లెలు కదా, అందుకే గోడకు వరుసగ పెద్ద పెద్ద కిటికీలు పెట్టి, తూర్పు పడమర వెలుతురు బల్లల మీద పడేటట్టు చేసిన్రు. 1920ల ఆఫీసు టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌కు మారినంక శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ నక్షలను ఇంకా మెరుగు చేసిండు. కొన్ని ఊర్లల్ల నల్లోళ్ల బడి తెల్లోళ్ల బడి కంటే బాగుందని కుళ్లుకున్నోళ్లు ఉన్నరు. కొన్నిటిని తగలబెట్టిన్రు. ఊరోళ్లు మళ్ల కట్టుకున్నరు.

పైసలెట్ల జమచేసిన్రో చూడుండ్రి. కోళ్లు అమ్మిన్రు, గుడ్లు అమ్మిన్రు, ఆడోళ్లు అన్నం డబ్బాలు కట్టి వేలం పాడిన్రు. పొలంల ఒక చెక్క విడిచిపెట్టి, అండ్ల పండిన పత్తి బడికే అని నియమం పెట్టుకున్నరు. పత్తి ఏరినోళ్లకు ఎర్క, ఒక కిలో పత్తికి వేళ్లు ఎంత చీరుకుపోతయో. అలబామాల ఒక ఊరి మీటింగ్‌ల, బానిసత్వం కండ్లార చూసిన ముసలాయన ఒకాయన లేసి, జిడ్డు పట్టిన పాత సంచి తీసి బల్ల మీద కుమ్మరించిండు. 38 డాలర్లు. జీవితమంత దాచుకున్నది. తన మనుమళ్లు చదువుకోవాలని. ఆ ముచ్చటను బడుల ఏజెంటు ఒకాయన తన రిపోర్టుల రాసిండు, గందుకే మనదాక వచ్చింది.

1932 నాటికి లెక్క గిది. 15 రాష్ట్రాలల్ల 4,977 బడులు, 217 టీచర్ల ఇండ్లు, 163 పని నేర్పే షెడ్లు. మొత్తం ఖర్చు దగ్గర దగ్గర 2 కోట్ల 84 లక్షల డాలర్లు. దాంట్ల రోసెన్‌వాల్డ్ ఫండ్‌ది 44 లక్షలు. నల్లోళ్లు చందాలేసుకున్నది 47 లక్షలు. తెల్లోళ్ల చందా 12 లక్షలు. మిగిలిన 1 కోటి 81 లక్షలు సర్కారు పన్నుల పైస.

ఈ లెక్కను రెండుసార్లు చదువుండ్రి. కోటీశ్వరుడు ఇచ్చినదాని కంటే కౌలు రైతులు ఇచ్చిందే ఎక్కువ. పైగా ఆ పన్నులల్ల సుత నల్లోళ్ల పైస ఉన్నది. పన్ను కట్టినంక బడి సర్కారు కట్టాలె, అది హక్కు. పన్ను కట్టి, మళ్ల చందా ఏసుకొని, మళ్ల కూలి చేసి తమ బడి తామే కట్టుకున్నరు అంటే అది రెండోసారి కట్టిన పన్నే. అమెరికా చరిత్రకారులు ఈ మాట మీద రోసెన్‌వాల్డ్ పథకాన్ని గట్టిగ తప్పు పట్టిన్రు. తెల్లోళ్లకొక బడి, నల్లోళ్లకొక బడి అనే అన్యాయాన్ని ఆయన ముట్టలేదు, దాని లోపట్నే ఉండి బడి కట్టిండు అని సుత అన్నరు. రెండూ నిజమే అని నేను ఒప్పుకుంట. కానీ 1913ల ఆరేండ్ల పిల్లకు 1954 దాక ఆగు, అప్పుడు కోర్టు తీర్పు వస్తది అని చెప్పలేం కదా. 1928 నాటికి దక్షిణాది పల్లెలల్ల నల్లోళ్ల బడులు ఐదు ఉంటే ఒకటి రోసెన్‌వాల్డ్ బడి. మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల నడుమ నల్లోళ్లకూ తెల్లోళ్లకూ చదువుల ఉన్న తేడా బాగ తగ్గింది. అండ్ల ఈ బడుల వాటా పెద్దదని షికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్కగట్టి తేల్చిన్రు. మాయా ఏంజెలో గసుంటి బడిలనే చదివింది.

1917ల పెట్టిన ఫండ్‌ను 1928ల కొత్తగ కూర్చిన్రు. ఎడ్విన్ ఎంబ్రీ అనే ఆయనను పెద్దగ పెట్టిన్రు. గప్పుడు రోసెన్‌వాల్డ్ పెట్టిన షరతు ఇయ్యాల సుత ట్రస్టులు పెట్టినోళ్లకు గుండెల్ల గుబులు పుట్టిస్తది. తాను పోయినంక 25 ఏండ్లల్ల అసలు, మిత్తి అంత ఖర్చు పెట్టి దుకాణం మూసేయాలె. ఎప్పటికీ ఉండే మూలధనం మీద ఆయనకు నమ్మకం లేకుండె. ఒక తరం పైసలు ఆ తరం కష్టాలకే ఖర్చు కావాలె, రేపటి కష్టం ఏందో రేపటోళ్లకే ఎర్క అన్నది ఆయన వాదన. దాని మీద 1929ల పత్రికల పెద్ద వ్యాసం సుత రాసిండు. నా లెక్కల ఆయన ఇచ్చిన పైసల కంటే ఈ ఆలోచన పెద్దది. చచ్చినోళ్ల వీలునామాలు బతికున్నోళ్ల మీద పెత్తనం చేసుడు ఆయనకు నచ్చలేదు.

1932 జనవరి 6న ఆయన పోయిండు. షేర్ల ధర పడిపోయి ఫండ్ చేతులు ఖాళీ అయినయి. అయినా ఎంబ్రీ ఆపలేదు, బడుల నుంచి మనుషుల దిక్కు తిప్పిండు. నల్లజాతి రచయితలు, గాయకులు, చిత్రకారులు, శాస్త్రవేత్తలకు ఫెలోషిప్‌లు ఇచ్చిన్రు. లాంగ్‌స్టన్ హ్యూస్, మేరియన్ ఆండర్సన్, జేకబ్ లారెన్స్, గోర్డన్ పార్క్స్, డబ్ల్యూ.ఈ.బీ. డు బోయిస్ ఆ జాబితాల ఉన్నరు. 1940ల మేమీ క్లార్క్, కెనెత్ క్లార్క్ అనే భార్యాభర్తలకు ఇచ్చిన్రు. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ ముంగట పెట్టి చిన్న పిల్లలు దేన్ని మంచిదంటున్నరో చూసిన పరిశోధన వాళ్లది. వేరు వేరు బడులు చెల్లవని 1954ల సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు ఆ పరిశోధన సుత ఆధారమైంది. అంటే రోసెన్‌వాల్డ్ ముట్టని అన్యాయాన్ని ఆయన పైసలే తర్వాత ముట్టినయి. 1948ల, గడువు కంటే ముందే, ఫండ్ మూసేసిన్రు.

రాజకీయాలల్ల పైసలు పెట్టుడు దగ్గర మాత్రం ఆయన దారి నాకు నవ్వు తెప్పిస్తది. 1926ల ఇలినాయి సెనెట్ ఎలక్షన్ల ఫ్రాంక్ స్మిత్ అనే ఆయన నిలబడ్డడు. కరెంటు కంపెనీల రేట్లు చూసే సర్కారు కమిషన్‌కు చైర్మన్‌గ ఉండుకుంట, కరెంటు కంపెనీల దొర శామ్యూల్ ఇన్సల్ దగ్గరనే ప్రచారానికి పైసలు తీసుకున్నడు. రోసెన్‌వాల్డ్‌కు కోపమొచ్చింది. పోటీ నుంచి తప్పుకుంటే 10 వేల సియర్స్ షేర్లు ఇస్తనని స్మిత్‌తోని బేరం పెట్టిండు. అప్పటి ధరకు 5 లక్షల డాలర్లు దాటుతది. లంచం తిన్నోడిని తప్పించుటానికి అంతకంటే పెద్ద మూట చూపెట్టుడు! స్మిత్ ఒప్పుకోలేదు, గెలిచిండు, కానీ సెనెట్ ఆయనను కూసోనియ్యలేదు.

ఆయన బిడ్డ ఈడిత్ అయితే వేరే తీరు. పెండ్లి చేసుకొని న్యూ ఓర్లీన్స్ పోయింది, భర్త ఎడ్గర్ స్టర్న్‌తోని 1936ల స్టర్న్ ఫ్యామిలీ ఫండ్ పెట్టింది. నాయిన బడి కట్టి ఆగిన కాడ బిడ్డ ఓటు కాడికి పోయింది. 1962ల దక్షిణాది నల్లోళ్లను ఓటరు జాబితాల ఎక్కించేటందుకు ఓటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్ మొదలైంది. టాకోనిక్, ఫీల్డ్, స్టర్న్ ఫండ్లు దానికి పైసలు పెట్టినయి. 1964 ఆఖరుకల్లా దగ్గర దగ్గర 7 లక్షల కొత్త ఓట్లు ఎక్కినయి. ఇది కొందరికి కడుపుమంట. 1969ల పన్నుల చట్టం మార్చి, ఫౌండేషన్లు ఓటరు నమోదుకు పైసలు ఇయ్యాలంటే ఆ పని కనీసం ఐదు రాష్ట్రాలల్ల నడవాలె, ఏ ఒక్క ఫౌండేషన్ పావు వంతు మించి ఇయ్యొద్దు అని కట్లు కట్టిన్రు. బడి కట్టినప్పుడు మెచ్చుకున్నోళ్లు ఓటు దగ్గరికొచ్చేసరికి చట్టం తెచ్చిన్రు. ఈ తేడా మీరు యాది పెట్టుకోండ్రి.

ఈడిత్ కొడుకు ఫిలిప్ స్టర్న్ అదే 1969ల పరిశోధన వార్తల కోసం ఒక నిధి పెట్టిండు. యే పత్రికల నౌకరీ లేని సీమోర్ హెర్ష్ అనే విలేకరికి 250 డాలర్లు, తర్వాత ఇంకో 2 వేలు ఇచ్చిన్రు. ఆ పైసలతోని తిరిగి ఆయన వియత్నాంల మై లై ఊరి మీద అమెరికా సైన్యం చేసిన మారణహోమం బయటపెట్టిండు.

ఆ బడులల్ల ఇయ్యాల 500 దాక మిగిలినయి. 1954 తీర్పు తర్వాత మెల్లమెల్లగ పిల్లలను వేరే బడులకు కలిపిన్రు, నల్ల టీచర్ల నౌకర్లు మస్తు పోయినయి, భవనాలు పాడువడ్డయి. 2002ల ఇవి అంతరించిపోయే కట్టడాలని జాబితాల పెట్టిన్రు. పాత విద్యార్థులు, ముసలోళ్లయినోళ్లు, మళ్ల చందాలేసుకొని కొన్నిటిని బాగుచేసుకుంటున్నరు. మూడోసారి కట్టుడు అన్నట్టు.

గా బడులల్ల ఒకటి అలబామాల పైక్ కౌంటీల ఉండె. రెండు గదుల బడి. పత్తి కాలం వస్తే ఇంట్లోళ్లు చేన్లకు రమ్మనేటోళ్లు. ఒక పిలగాడు మాత్రం అరుగు కింద దాక్కొని, బడి బస్సు రాంగనే ఉరికెక్కేటోడు. పేరు జాన్ లూయిస్. 1965ల సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచి పోలీసుల లాఠీలతోని తల పగలగొట్టించుకున్నది గాయననే. 1970ల ఓటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్‌కు డైరెక్టరై, ఆ కొత్త చట్టం కట్ల నడుమనే ఊరూరు తిరిగి ఓట్లు ఎక్కించిండు. 1986ల ప్రతినిధుల సభకు గెలిచిండు, మన లెక్కల ఎంపీ అన్నట్టు. 2020ల పోయేదాక అండ్లనే ఉన్నడు.